ప్రభువు ఎరిగిన పేతురు: దేవుని భవిష్యద్‌జ్ఞానము, మానవుని స్వేచ్ఛా చిత్తము

దేవుడు సర్వజ్ఞుడని సంఘము ఒప్పుకొనుచున్నది. మానవుడు తన క్రియలను గూర్చి దేవునికి లెక్క అప్పగింపవలసినవాడని కూడ అదే సంఘము బోధించుచున్నది. ఈ రెండింటిలో దేనిని విడిచినను మన బోధ కుంటుపడును. అయితే రెంటిని పక్కపక్కన నిలిపినప్పుడు ఒక చిక్కు ఎదురగుచున్నది. రేపు నేను ఏమి చేయుదునో దేవుడు నిన్ననే ఎరిగియున్న యెడల, రేపు నేను వేరొక విధముగా చేయగలనా? చేయలేని యెడల నా పాపమునకు నేనెట్లు బాధ్యుడను? చేయగలిగిన యెడల దేవుని జ్ఞానము పొరపాటు కాగలదా?

వేదాంత కళాశాల తరగతి గదిలో ఇది తర్కశాస్త్రపు ముడి. సేవలోనికి వెళ్లిన తరువాత అది వేరొక రూపములో వచ్చును. రోడ్డు ప్రమాదములో కుమారుని పోగొట్టుకొనిన తల్లి, "దేవునికి ముందే తెలుసు కదయ్యా" అని పాస్టరుగారి ముఖములోనికి చూచును. "ఎలాగూ ఆయనకు తెలిసినదే జరుగుతుంది, మరి ఉపవాస ప్రార్థన ఎందుకు?" అని యౌవనస్థుడొకడు అడుగును. "నేను ఏర్పరచబడినవాడనైతే ఎప్పుడో ఒకప్పుడు మారుమనస్సు పొందుతాను, తొందరేమిటి?" అని మరియొకడు నవ్వుచు అనును. ఈ మూడు ప్రశ్నలకు వేరు ఒక్కటే. దానిని సరిగా గుర్తింపని సేవకుడు మొదటివారికి గాయము రేపును, రెండవవానికి ప్రార్థన మాన్పించును, మూడవవానిని నిద్రపుచ్చును.

ఈ అంశముపై పదిహేను శతాబ్దములకు పైగా సాగిన వాదములన్నిటిని వరుసగా వివరించుట మా ఉద్దేశము కాదు. ఒక్క సంఘటనను, అనగా పేతురు ప్రభువును ఎరుగనని బొంకిన సంగతిని తీసికొని, ఆ వాదములను దానియొద్ద నిలిపి పరీక్షింపగోరుచున్నాము. నలుగురు సువార్తికులును దీనిని వ్రాసిరి. ఇక్కడ భవిష్యద్‌జ్ఞానము పరలోకములో దాగియున్న రహస్యము కాదు. సంబంధించిన మనుష్యుని యెదుటనే, అతనికి వినబడునట్లు పలుకబడినది. అతడు దానిని విని, కాదని వాదించి, కొన్ని గంటలలోనే దానిని నెరవేర్చెను. సమస్య యొక్క మిక్కిలి కఠినమైన రూపము ఇదే. ఇక్కడ నిలువని జవాబు మరెక్కడను చాలదు.

ఆ పదము ఎవరి నోట వచ్చినది?

మన తెలుగు బైబిలులో 'భవిష్యద్‌జ్ఞానము' అని అనువదింపబడిన గ్రీకు నామవాచకము 'ప్రోగ్నోసిస్'. క్రొత్త నిబంధనలో అది రెండే చోట్ల ఉన్నది: అపొ. కార్యములు 2:23, 1 పేతురు 1:2. దాని క్రియారూపమైన 'ప్రోగినోస్కో' అయిదు చోట్ల ఉన్నది: అపొ. కార్యములు 26:5, రోమా 8:29, రోమా 11:2, 1 పేతురు 1:20, 2 పేతురు 3:17. మొత్తము ఏడు ప్రయోగములలో మూడు పౌలువి. మిగిలిన నాలుగు పేతురు పేరిట ఉన్నవి. నామవాచకమైతే రెండుసార్లును పేతురుదే. ఒకటి అతని ప్రసంగములో, ఒకటి అతని పత్రికలో. ముందుగా ఎరుగబడుట అంటే ఏమిటో తన బ్రదుకులో ఎరిగినవాడు ఈ మాటను ఇంత ప్రియముగా వాడెనని గమనించినప్పుడు మాకు ఇది కేవలము కాకతాళీయమని తోచలేదు.

ఈ క్రియ యొక్క అర్థవ్యాప్తి కూడ గమనింపదగినది. అపొ. కార్యములు 26:5లో పౌలును చాలకాలమునుండి ఎరిగినవారు యూదులే. 2 పేతురు 3:17లో సంగతులను ముందుగా తెలిసికొనినవారు విశ్వాసులే. ఆ రెండు చోట్ల అది సాధారణమైన మానవ జ్ఞానము. 1 పేతురు 1:20లో క్రీస్తును గూర్చి అదే క్రియ వాడబడగా, మన అనువాదకులు దానిని 'నియమింపబడెను' అని తెలిగించిరి. అనగా ఎరుగుట అను మాటలో సంకల్పించుట అను అర్థము కూడ ఇమిడియున్నదని వారు తలంచిరన్నమాట. సందర్భమునుబట్టి అది తప్పు కాదు. కాని తెలుగు పాఠకునికి ఒకే మూలపదము ఒకచోట జ్ఞానముగాను, ఒకచోట నియామకముగాను కనబడుటవలన రెండింటిని కలిపివేయు అలవాటు సులువుగా ఏర్పడుచున్నది.

రోమా 8:29లో దేవుడు ముందుగా ఎరిగినది 'ఎవరిని' అని ఉన్నదే గాని 'దేనిని' అని లేదు. హెబ్రీ భాషలోని 'యాదా' అను క్రియకు ఇట్టి వాడుక ఉన్నది. ఆమోసు 3:2, యిర్మీయా 1:5 చూడుడి. అక్కడ ఎరుగుట అనగా తనవానిగా చేసికొనుట. కాల్విన్ అనుచరులు దీనినిబట్టి రోమా 8:29ని ముందుగా ప్రేమించుట అని చదువుదురు. అర్మీనియస్ అనుచరులు దేవుడు ముందుగా చూచిన విశ్వాసము అని చదువుదురు. మన తెలుగు సంఘములు ఈ రెండు ప్రవాహములనుండియు నీరు త్రాగినవే గనుక ఒకే పట్టణములో రెండు బోధలును వినబడుచున్నవి. ఏర్పాటును గూర్చిన ఆ వివాదమును ఈ వ్యాసములో తీర్చబోము. అయితే ఒక్క విషయము చెప్పవలసియున్నది. 1618–19లో డార్ట్ సభలో ఓడిపోయిన పక్షము దేవుని భవిష్యద్‌జ్ఞానమును కాదనలేదు. గెలిచిన పక్షము మానవుడు ఇష్టపూర్వకముగానే పాపము చేయుచున్నాడనుటను కాదనలేదు. 1646 నాటి వెస్ట్‌మిన్‌స్టర్ విశ్వాస ప్రమాణము కూడ దేవుని సంకల్పము జీవుల చిత్తమును బలాత్కరింపదని తన మూడవ అధ్యాయములోనే స్పష్టము చేసెను. పేతురు పాపము పేతురుదే అనుటలో ఇరుపక్షములకు భేదము లేదు.

ఎరుగుట వేరు, నుదుట వ్రాయుట వేరు

మన దేశములో ఈ అంశమును బోధించు సేవకుడు పాశ్చాత్య గ్రంథములు హెచ్చరింపని ఒక ప్రమాదమును ఎదుర్కొనవలసియున్నది. 'తలరాత', 'రాసిపెట్టి ఉంది', 'విధి' అను మాటలు బాప్తిస్మపు నీళ్లలో కరిగిపోవు. విశ్వాసి బ్రహ్మవ్రాతను నమ్మడు గాని, ఆ వ్రాతను చెరిపిన చోటనే దేవుని భవిష్యద్‌జ్ఞానమును తెచ్చిపెట్టును. పేరు మారినది, పలక మారలేదు. సమాధి కూడికలలో ఆదరణ చెప్పువారి మాటలను శ్రద్ధగా వినినవారు దీనిని కాదనలేరని మా అభిప్రాయము.

తలరాతలో వ్రాయుటయే కారణము. వ్రాసినవానికి ఆ మనుష్యునితో వేరే పని లేదు, వ్రాసి ఊరకుండును. లేఖనములోని దేవుని జ్ఞానము అట్టిది కాదు. అయితే 139వ కీర్తన 16వ వచనము, దినములన్నియు దేవుని గ్రంథములో వ్రాయబడినవని చెప్పుచున్నది కదా అని ఎవరైనను అడుగవచ్చును. అడుగవలసినదే. ఆ కీర్తన ఆరంభములోను ముగింపులోను ఏమున్నదో చూడవలెను. దేవుడు తన్ను పరిశోధించి తెలిసికొన్నాడని మొదలుపెట్టిన కీర్తనకారుడు, ఇంకను పరిశోధింపుమని, తనలో ఆయాసకరమైన మార్గమున్నదేమో చూచి నిత్యమార్గమున నడిపింపుమని వేడుకొనుచు ముగించుచున్నాడు. అంతయు వ్రాయబడినది, ఇక అడుగుటకేమియు లేదని అతడు తలంపలేదు. నిర్గమకాండము 32:32లో మోషే తన పేరును దేవుని గ్రంథములోనుండి తుడిచివేయుమని అడుగగలిగెను. ప్రకటన 3:5లో జీవగ్రంథములోనుండి పేరు తుడుపు పెట్టబడని ధన్యత వాగ్దానము చేయబడినది. ఇవి నుదుటివ్రాతను గూర్చిన భాష కానే కాదు. నుదుటివ్రాతను తుడువుమని ఎవరును ప్రార్థింపరు.

పంచాంగమును గూర్చియు ఒక మాట. ఫలానా దినమున ఫలానా గడియకు గ్రహణమని పంచాంగము ముందుగా చెప్పును, అది జరుగును. సూర్యచంద్రుల గతి మార్పులేని నియమములకు లోబడియున్నది గనుక లెక్కించి చెప్పుట సాధ్యమైనది. దేవుని భవిష్యద్‌జ్ఞానమును కూడ ఇట్టి లెక్కగా భావించువారు కలరు. కారణములన్నియు ఆయనకు తెలియును గనుక ఫలితములను గణించునని వారందురు. అదే నిజమైన యెడల మన క్రియలన్నియు గ్రహణములవలె ముందున్న కారణములచేతనే బిగింపబడియుండవలెను. అప్పుడు స్వేచ్ఛను హరించినది దేవుని జ్ఞానము కాదు, కారణముల గొలుసు. కాబట్టి దేవుడు ఎరుగుట ఒక గొప్ప గణితమని చెప్పుట ఆయనను ఘనపరచినట్లు కనబడినను, సమస్యను పెంచునే గాని తగ్గింపదు.

'తప్పక' అను మాటలోని మోసము

దేవుడు ఎరిగినది తప్పక జరుగును. ఈ వాక్యము సత్యమే. కాని ఇందులోని 'తప్పక' దేనికి అన్వయించుచున్నది? దేవుని జ్ఞానమునకును సంఘటనకును మధ్యనున్న సంబంధము తప్పనిది అని ఒక అర్థము. ఆ సంఘటన స్వయముగా తప్పించుకొన వీలులేనిది అని మరియొక అర్థము. మొదటిది సత్యము, రెండవది దానినుండి రాదు.

బొయేథియస్ ఇచ్చిన దృష్టాంతము నేటికిని దీనికి మేలైనది. ఒకడు కూర్చుండుట మీరు చూచుచున్నయెడల అతడు తప్పక కూర్చుండియున్నాడు. అయినను మీరు చూచుట అతనిని కూర్చుండబెట్టలేదు. అతడు లేవదలచిన యెడల లేచియుండును, అప్పుడు మీరు లేచిన మనుష్యుని చూచియుందురు. అగస్టీను ఇదే సంగతిని జ్ఞాపకశక్తినిబట్టి చూపెను. స్వేచ్ఛా చిత్తమును గూర్చి 388లో మొదలుపెట్టి సుమారు 395లో ముగించిన గ్రంథపు మూడవ భాగములో, తన మిత్రుడు ఎవోదియస్ ఇదే ప్రశ్న వేయగా, నీ జ్ఞాపకము గడచిన సంగతులను బలవంతపెట్టనట్లే దేవుని ముందెరుక రాబోవువాటిని బలవంతపెట్టదని జవాబిచ్చెను. ఆయన అంతకంటె సూక్ష్మమైన మాట కూడ అనెను. దేవుడు ముందుగా ఎరిగినది మన 'చిత్తము'ను. చిత్తమని ఎరిగినయెడల అది చిత్తముగానే ఉండితీరవలెను. బలవంతము చేయబడినది చిత్తమే కాదు. కనుక దేవుని ముందెరుక మన స్వేచ్ఛను తీసివేయకపోవుటయే గాక దానిని స్థిరపరచుచున్నదని ఆయన వాదము.

పేతురు విషయములో ఇది తేటగా కనబడుచున్నది. ప్రధానయాజకుని ముంగిటిలో మంటయొద్ద నిలిచిన పేతురును ప్రభువు మాట నోరు పట్టుకొని పలికింపలేదు. ఒక దాసి అడిగినది, అతడు భయపడెను. మార్కు 14:72 ప్రకారము కోడి రెండవసారి కూసిన తరువాతనే అతనికి ప్రభువు మాట జ్ఞాపకమునకు వచ్చెను. బొంకినప్పుడు ఆ ప్రవచనము అతని మనస్సులోనే లేదు! మనస్సులో లేని మాట అతనిని నెట్టినదనుట ఎట్లు? పైగా జ్ఞాపకము వచ్చినప్పుడు అతడు, "నీవు ముందే చెప్పితివి గనుక నేనేమి చేయగలను?" అని తన్ను సమర్థించుకొనలేదు. ఏడ్చెను. విధిచేత నడిపింపబడినవాడు పడు దుఃఖము వేరు, తన చేతితో తాను చేసినదానికి పడు దుఃఖము వేరు.

మూడు ప్రసిద్ధ సమాధానములు

ఇంతటితో చిక్కు తీరినదని చెప్పుటకు వీలులేదు. 1754లో జోనాతన్ ఎడ్వర్డ్స్, 1965లో తత్త్వవేత్త నెల్సన్ పైక్, వేర్వేరు ఉద్దేశములతోనే గాని, ఒకే అభ్యంతరమును బలముగా చూపిరి. గడచినదానిని ఎవడును మార్చలేడు. దేవుని ముందెరుక గడచినకాలములో ఉన్నయెడల అదియు మారనిదే. మారని దానితో తప్పనిసరిగా ముడిపడినదియు మారనిది కాదా? కారణము కాకపోయినను, మార్గము మూయబడినది కదా?

బొయేథియస్ జవాబు నిత్యత్వమును గూర్చినది. ఆయన రాజద్రోహ నేరము మోపబడి, సుమారు 524లో మరణశిక్షకు ఎదురుచూచుచు చెరసాలలో తన గ్రంథమును వ్రాసెను గనుక ఆయన తీరిక వాదము చేయుచున్నాడని అనుకొనరాదు. దేవునికి నిన్న, రేపు అనునవి లేవు; సమస్తము ఆయన యెదుట నేడే. కాబట్టి ఆయనది ముందెరుక కాదు, చూపు. థామస్ అక్వైనస్ దీనిని చక్కని పోలికతో చెప్పెను: దారిన నడచువాడు తన వెనుక వచ్చువారిని చూడడు, ఎత్తైన స్థలమునుండి చూచువాడు దారిలోనివారినందరిని ఒక్కసారిగా చూచును. జాన్ వెస్లీయు ఏర్పాటును గూర్చి 1773లో చేసిన ప్రసంగములో ఈ అభిప్రాయమునే అవలంబించెను. మన పుల్పిట్లలో ఎక్కువగా వినబడునది ఇదే. ఇది ఘనమైనది, ఉపయోగకరమైనది. కాని పేతురు యొద్ద ఇది తొట్రుపడుచున్నది. ప్రభువు ఆ మాటను కాలాతీతమైన నిత్యత్వములో తలంచి ఊరకుండలేదు. ఆ రాత్రి, కోడి కూయుటకు కొన్ని గంటల ముందు, మనుష్యుల చెవులకు వినబడునట్లు పలికెను. పలికిన క్షణమున అది గడచిన సంగతి ఆయెను. నిత్యత్వము కాలములోనికి దిగివచ్చి మాటలాడిన తరువాత కొండమీదినుండి చూచు దృష్టాంతము చాలదు. శరీరధారియైన వాక్యమును నమ్ము మనము ఈ ఇబ్బందిని దాటవేయలేము.

పదునాలుగవ శతాబ్దమునకు చెందిన ఓకమ్ విలియం మరియొక దారి చూపెను. గడచినవన్నియు ఒకే విధముగా గడచినవి కావు. "నిన్న వర్షము కురిసినది" అనునది పూర్తిగా నిన్నటి సంగతి. "నిన్న చెప్పబడిన మాట, రేపు జరుగబోవుదానినిబట్టి నిజము" అనునది రూపములో గడచినదే గాని దాని సత్యము రేపటిమీద ఆనుకొనియున్నది. ప్రభువు పెదవులు కదలుట గడచిపోయినది. ఆ మాట నిజమగుట పేతురు చేయబోవుదానిని ఆశ్రయించినది. తర్కముగా ఇది బలమైనదే. అయినను సత్యస్వరూపియైన ప్రభువు పలికిన మాట ఇంకను ఎదురుచూచుచున్న సత్యమనుట వినుటకు కొంత కష్టముగా ఉన్నది.

మూడవది లూయిస్ డి మొలీనా అను స్పెయిన్ దేశపు యేసుసభ పండితునిది. 1588లో లిస్బన్‌లో ప్రచురింపబడిన తన గ్రంథములో ఆయన దీనిని వివరించెను. ఏమి జరుగగలదో, ఏమి జరుగునో మాత్రమే గాక, ఏ పరిస్థితిలో ఉంచబడిన యెడల ఏ మనుష్యుడు స్వేచ్ఛగా ఏమి చేయునో దేవుడు ఎరుగునని ఆయన బోధ. దీనికి లేఖనాధారము లేకపోలేదు. 1 సమూయేలు 23లో దావీదు కెయీలా పట్టణములో ఉండి, సౌలు వచ్చునా, ఊరివారు నన్ను అప్పగింతురా అని విచారణచేయగా, వచ్చుననియు అప్పగింతురనియు దేవుడు తెలిపెను. దావీదు వెంటనే ఊరు విడిచెను. సౌలు రాలేదు, ఎవరును అప్పగింపలేదు. జరుగని సంగతిని దేవుడు ఎరిగి చెప్పెను! కొరాజీను, బేత్సయిదాలను గూర్చి ప్రభువు పలికినదియు (మత్తయి 11:21) ఇట్టిదే. మొలీనా బోధపై దొమినికు సభవారికిని యేసుసభవారికిని పుట్టిన తగవు రోములో దాదాపు పది సంవత్సరములు విచారింపబడి, 1607లో అయిదవ పౌలు పోపు ఇరుపక్షములను ఖండింపకుండ ముగించుటతో ఆగినది. తీర్పు చెప్పకుండుటయు ఒక జ్ఞానమే.

ఈ మూడింటిలో సువార్తలలోని పేతురు కథకు మొలీనా దారి దగ్గరగా నడచుచున్నదని మా అభిప్రాయము. అయినను దానిని సిద్ధాంతముగా ప్రకటింపమని చెప్పుటకు సాహసింపము. ఇంకను కలుగని మనుష్యుడు ఇంకను రాని పరిస్థితిలో స్వేచ్ఛగా ఏమి చేయునో అను మాటను నిజము చేయునది ఏమిటి అను ప్రశ్నకు మొలీనా అనుచరుల జవాబు మమ్మును తృప్తిపరచలేదు.

తెలియదని చెప్పువారు

ఇటీవలి కాలములో మరియొక సమాధానము వచ్చినది. 1994లో క్లార్క్ పినాక్, జాన్ శాండర్స్ మొదలగు అయిదుగురు కలిసి వ్రాసిన గ్రంథమును, 2000లో గ్రెగరీ బాయిడ్ వ్రాసిన గ్రంథమును ఈ బోధకు ప్రసిద్ధమైనవి. స్వేచ్ఛాపూర్వకమైన భవిష్యత్ క్రియలు ఇంకను లేనివి గనుక అవి నిశ్చయముగా తెలియబడదగినవి కావు. వాటిని దేవుడు ఎరుగకపోవుట ఆయన సర్వజ్ఞత్వమునకు లోటు కాదని వీరందురు. అమెరికాలోని సువార్తిక వేదాంత సంఘము 2001లో దీనికి వ్యతిరేకముగా తీర్మానించినను, 2003లో పినాక్, శాండర్స్‌లను సభ్యత్వమునుండి తొలగింపలేదు.

వీరిని ఎగతాళి చేయుట తగదు. ఆదికాండము 22:12, యిర్మీయా 3:7 వంటి వచనములను మనము సాధారణముగా త్వరత్వరగా దాటిపోవుదుము. వీరు ఆగి చదివిరి. కాని పేతురు సంగతిలో వీరి వివరణ నిలువదు. పేతురు స్వభావమును దేవుడు బాగుగా ఎరుగును గనుక అట్టి ఒత్తిడిలో అతడు ఏమి చేయునో చెప్పగలిగెనని బాయిడ్ వ్రాసెను. పిరికివాడు బొంకునని స్వభావమునుబట్టి చెప్పవచ్చును. మూడుసార్లు అని ఎట్లు చెప్పవచ్చును? కోడి కూయుటకు ముందే అని ఎట్లు? ఎవరు అడుగుదురో, ఎన్నిసార్లు అడుగుదురో అను సంగతి దాసి మీదను, మంటయొద్ద నిలిచినవారి మీదను కూడ ఆధారపడియున్నది. ఇంకొక చిక్కు ఉన్నది. స్వభావమే అంత ఖచ్చితముగా బంధించిన యెడల పేతురు ఆ రాత్రి స్వేచ్ఛగలవాడే కాడు. స్వేచ్ఛను కాపాడుటకు భవిష్యద్‌జ్ఞానమును విడిచినవారు చివరకు స్వేచ్ఛను స్వభావమునకు అప్పగించిరి. పూర్వము సిసెరో స్వేచ్ఛ కొరకు దైవజ్ఞానమును వదలుకొనెనని అగస్టీను తన 'దేవుని పట్టణము' అయిదవ భాగములో నిందించెను. ఆ బేరము అప్పుడును లాభసాటిగా లేదు.

గెత్సేమనేలో వినబడిన ఆజ్ఞ

ఇప్పుడు ఈ వాదములన్నిటికంటె ముఖ్యమని మేము తలంచు సంగతికి వత్తుము. పేతురు బొంకునని ప్రభువు చెప్పిన సమయమును మత్తయి, మార్కులు ఒలీవలకొండకు వెళ్లుచున్నప్పుడని సూచింపగా, లూకా, యోహానులు భోజనపు బల్లయొద్దనే వ్రాసిరి. ఎట్లు చూచినను అది గెత్సేమనేకు ముందు జరిగినది. గెత్సేమనేలో ఏమి జరిగినది? నిద్రించుచున్న ముగ్గురిలో ప్రభువు ప్రత్యేకముగా సీమోనును పేరుపెట్టి పిలిచి, ఒక్క గడియయైనను మేలుకొనలేవా అని అడిగెను. శోధనలో పడకుండునట్లు మెలకువగా ఉండి ప్రార్థింపుమని ఆజ్ఞాపించెను (మార్కు 14:37-38).

అనగా, నీవు పడుదువని చెప్పిన నోటితోనే, పడకుండునట్లు ప్రార్థింపుమని చెప్పెను. ఆయన ఎరిగినది నుదుటివ్రాత వంటిదైన యెడల ఈ ఆజ్ఞ క్రూరమైన ఎగతాళి. ప్రభువు అట్టివాడు కాడు. కాబట్టి ఆయనకు తెలిసియున్నను, ఆ గడియలో పేతురు యెదుట నిజమైన ద్వారము తెరువబడియుండెను. పేతురు ఆ ద్వారమున ప్రవేశింపక నిద్రించెను. ప్రవేశింపడని కూడ ప్రభువునకు తెలియును. అయినను ద్వారమును మూయలేదు, ఆజ్ఞను దాచుకొనలేదు. ఇది 'ఎట్లు' సాధ్యమో మనము విప్పి చెప్పలేకపోవచ్చును. ఇది 'ఇట్లు' జరిగినదని మార్కు వ్రాసియున్నాడు.

లూకా దీనికి మరియొక సంగతి చేర్చెను. సాతాను వారిని గోధుమలవలె జల్లించుటకు కోరుకొనెనని చెప్పి, పేతురు విశ్వాసము తప్పిపోకుండునట్లు తాను అప్పటికే వేడుకొంటినని ప్రభువు తెలిపెను (లూకా 22:31-32). ఎరిగినవాడు ఎరిగి ఊరకుండలేదు, ప్రార్థించెను. తండ్రి సంకల్పమును సంపూర్ణముగా ఎరిగినవాడే ప్రార్థింపగా, మన ప్రార్థన వ్యర్థమని ఎవరనగలరు? మీరు అడుగకముందే మీ తండ్రికి తెలియునని చెప్పిన ప్రభువు, మత్తయి 6లో ఆ తరువాతి వచనములోనే ప్రార్థన నేర్పెను గదా. మాటలు విస్తరింపకుండుటకు ఆయన దానిని కారణముగా చూపెనే గాని ప్రార్థన మానుటకు కాదు. పేతురు తిరిగిన తరువాత సహోదరులను స్థిరపరచవలెనని కూడ ఆయన ముందే అప్పగించెను. పడుటను చూచిన కన్ను లేచుటను కూడ చూచినది.

యూదా సంగతి ఏమి అని విద్యార్థులు ఎల్లప్పుడు అడుగుదురు. అదే రాత్రి ఇద్దరిని గూర్చియు ముందుగా చెప్పబడెను. మనుష్యకుమారుడు వ్రాయబడిన ప్రకారము పోవుచున్నాడనియు, అయినను అప్పగించువానికి శ్రమయనియు ప్రభువు ఒకే వాక్యములో పలికెను (మత్తయి 26:24). లేఖన నెరవేర్పు యూదాకు సాకు కాలేదు. ముందుగా ఎరుగబడుటలో ఇద్దరికి భేదము లేదు. బయటికి వెళ్లి ఏడ్చినవాడు తిరిగి వచ్చెను, వెండి నాణెములను పారవేసినవాడు ప్రభువునొద్దకు రాలేదు. ఇంతకు మించి యూదాను గూర్చి చెప్పుటకు లేఖనము మనకు అధికారమియ్యలేదు.

సేవలో

కుమారుని పోగొట్టుకొనిన తల్లియొద్దకు ఇప్పుడు తిరిగి వెళ్లుదము. "దేవునికి ముందే తెలుసు" అనునది ఆమె నోట ప్రశ్న. చాలమంది సేవకులు దానినే జవాబుగా తిప్పి ఆమెకు ఇత్తురు. అట్లు చేయకూడదు. భవిష్యద్‌జ్ఞానము సంఘటనకు కారణము కాదని మనము తరగతిలో ఒప్పుకొనిన యెడల, దుఃఖగృహములో దానిని కారణముగా చూపుట అబద్ధబోధ. లారీ నడిపినవాని అజాగ్రత్తను దేవుని నిర్ణయమని పిలుచుట ఆ డ్రైవరు లెక్కను దేవుని మీద వేయుట. దేవుడు ఎందుకు ఆపలేదను ప్రశ్న వేరు. అది ఆయన ఏలుబడిని గూర్చినది, దానికి భవిష్యద్‌జ్ఞాన సిద్ధాంతము జవాబియ్యదు. తెలియదని చెప్పి ఆమె పక్కన కూర్చుండుట సేవకునికి అవమానము కాదు. ఈ గడియను ముందుగా ఎరిగిన ప్రభువు ఆమె కొరకు ముందుగా విజ్ఞాపన చేసియున్నాడని చెప్పుటకు మాత్రము లూకా 22 మనకు ధైర్యమిచ్చుచున్నది. ఆ మాటనైనను మొదటి దినముననే చెప్పనక్కరలేదు.

నవ్వుచు వాయిదా వేయు యౌవనస్థునికి వేరొక వాక్యభాగము కావలెను. యోనా నీనెవెలో నలువది దినములని ప్రకటించినప్పుడు అందులో షరతు ఏదియు వినబడలేదు. అయినను నీనెవె మారెను, తీర్పు తొలగెను. మరణమగుదువని చెప్పబడిన హిజ్కియా గోడతట్టు తిరిగి ప్రార్థింపగా పదునైదు సంవత్సరములు పొందెను (యెషయా 38). ఇట్టి హెచ్చరికల వెనుక దాగియున్న నియమము యిర్మీయా 18:7-10లో ఉన్నది. నీవు ఎన్నికలో ఉన్నావా లేదా అను జాబితా ఎవరి చేతికి ఇయ్యబడలేదు. మెలకువగా ఉండుమను ఆజ్ఞ మాత్రము అందరికి ఇయ్యబడినది. తనకు ఇయ్యబడని జాబితాను చూపి, ఇయ్యబడిన ఆజ్ఞను తప్పించుకొనువాడు గెత్సేమనేలో నిద్రించినవాని పక్కన పడుకొనియున్నాడు.

పెంతెకొస్తు దినమున పేతురు నిలువబడి ప్రసంగించునప్పటికి అతడు బొంకి రెండు నెలలైనను కాలేదు. ఆ ప్రసంగములో ఒకే వాక్యమున, యేసు దేవుని సంకల్పమునుబట్టియు భవిష్యద్‌జ్ఞానమునుబట్టియు అప్పగింపబడెననియు, వినుచున్న మీరు ఆయనను చంపితిరనియు చెప్పెను (అపొ. కార్యములు 2:23). రెంటి మధ్య ఒక వంతెన కట్టి చూపుటకు అతడు ప్రయత్నింపలేదు. వినినవారును అడుగలేదు. హృదయములో నొచ్చుకొని, మేమేమి చేయవలెనని అడిగిరి.

అంతకు ముందు, తిబెరియ సముద్రతీరమున, ప్రభువు పేతురును గూర్చి మరియొకసారి ముందుగా చెప్పియుండెను. అతడు ముసలివాడైనప్పుడు మరియొకడు అతని నడుము కట్టి, అతనికి ఇష్టములేని చోటికి తీసికొనిపోవునని. ఎట్టి మరణమువలన అతడు దేవుని మహిమపరచునో సూచించుచు ఆ మాట పలికెను (యోహాను 21:18-19). ఈసారి పేతురు వాదింపలేదు. చెప్పిన వెంటనే ప్రభువు ఒక ఆజ్ఞ ఇచ్చెను, తన్ను వెంబడింపుమని. పేతురు వెనుకకు తిరిగి మరియొక శిష్యుని చూచి, ఇతని సంగతి ఏమగునని అడిగెను. దానికి మాత్రము అతనికి జవాబు దొరకలేదు.